ఏకని దూది

మా ఆయన ఎవరింటికి వెళ్ళినా కూర్చోమన్నచోట కూర్చోడు. ముందు మంచం దగ్గరికి పోయి పరుపులో పిడికిలి దింపుతాడు. మణికట్టు దాకా దింపి, చెయ్యి తీసేసి, ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో చూస్తాడు. అది పూడేదాకా ఇంటివాళ్ళు పలకరించినా పలకడు. మా నాన్నతో మొదటిసారి మాట్లాడటానికి వచ్చినప్పుడూ అంతే. నన్ను చూసింది తక్కువ, నాన్న పరుపును చూసింది ఎక్కువ. "దూది మంచిదే మామయ్యా, ఏకినవాడే తొందరపడ్డాడు" అన్నాడు. నాన్న అప్పటికింకా ఆయనకు మామయ్య కాలేదు.

అలాంటి మనిషి ఒక పరుపును నమ్మి మునిగాడంటే ఎవరు నమ్ముతారు? మునిగాడా, ముంచాడా అన్నది ఆ వేసవి గడిచి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో తేలలేదు.

మాది పరుపుల దుకాణం. కింద కొట్టు, పైన ఇల్లు, వీధి చివర అద్దె షెడ్డు. దూది ఏకే మిషను షెడ్డులో ఉంటుంది. ఏకడం, నింపడం, దబ్బనంతో టాకాలు వేయడం ఆయన పని. కవర్లు కుట్టడం నా పని. డిగ్రీ చదివి పరుపు కవర్లు కుడుతున్నావేమిటే అని మా అక్క దెప్పుతుంది. డిగ్రీ చదివాను కాబట్టే జానెడు గుడ్డ వృథా కాకుండా కత్తిరిస్తున్నానంటాను. నా కుట్టుమిషను నాకంటే పెద్దది. మూల తిరిగేటప్పుడు ఒక కుట్టు దాటేస్తుంది, ఎంతమంది మెకానిక్కులు చూసినా ఆ బుద్ధి మానలేదు. అందుకని ప్రతి మూలలోనూ మూడు పోగులు చేత్తో వేస్తాను. చూసేవాళ్ళకి కనబడదు. నా బొటనవేలికి మాత్రం తగులుతుంది. అలా మూడు వైపులా కుట్టి ఇస్తే, ఆయన షెడ్డులో దూది నింపి, నాలుగో వైపు మూతి తనే కుట్టేసేవాడు. ఆయన నింపింది నేనెప్పుడూ చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఆ వేసవి మొదట్లో షెడ్డు పెద్దాయన వచ్చి, షెడ్డు అమ్మేస్తున్నాననీ, ముప్ఫై ఏళ్ళుగా ఉన్నారు కాబట్టి ముందు మీకే చెబుతున్నాననీ, వానలు పడేలోపు ఏదో ఒకటి తేల్చమనీ చెప్పి వెళ్ళాడు. ఎనిమిదేళ్ళుగా మేము కూడబెడుతున్నది అందుకే. మా ఇద్దరి పేరున ఉన్న ఖాతాలో షెడ్డుకు సరిపోయేంత ఉంది, ఇంచుమించు. అత్తయ్య ఆ సాయంత్రం షెడ్డు దాకా నడిచి వెళ్ళి, మిషను మీద చెయ్యేసి నిలబడి, ఇక దీన్ని కదపక్కర్లేదన్నమాట అని తిరిగొచ్చింది.

తర్వాతి వారమే ఆ ఫోను వచ్చింది. మా ఆయన ఏదో ఫర్నిచరు ప్రదర్శనలో చీటీ నింపి డబ్బాలో వేశాడట. మీ దంపతులు ఎంపికయ్యారు, సరస్సు ఒడ్డున మా హోటలుకు వచ్చి భోంచేసి, తొంభై నిమిషాలు మేము చెప్పేది విని, సూట్‌కేసు బహుమతి పట్టుకెళ్ళండి అని పిలుపు. భార్యాభర్తలిద్దరూ రావాలి, ఒక్కరే వస్తే సూట్‌కేసు లేదు. ఆ షరతు వినగానే నాకు ఒళ్ళు మండింది. ఇచ్చేవాడు ఎవడైనా ఇంత గట్టిగా లెక్క అడుగుతాడా? అయినా వెళ్ళాను. నేను పక్కన లేకపోతే ఈయన ఏం చేసుకొస్తాడో అన్న భయంతో వెళ్ళాను. పక్కనుండి కూడా ఆపలేకపోయాను, అది వేరే సంగతి.

పెద్ద హాలు. ఇరవై గుండ్రటి బల్లలు, బల్లకొక జంట, జంటకొక అమ్మకందారు. పక్క బల్లవాళ్ళ మాట వినబడనంత గట్టిగా పాటలు. మూల ఒక ఇత్తడి గంట. ఎవరైనా సంతకం పెడితే ఆ గంట కొడతారు, అందరూ చప్పట్లు కొట్టాలి. మా బల్లకు వచ్చినావిడ ముందు నవ్వి, ఎందుకు నవ్విందో తర్వాత ఆలోచించుకునే రకం. నేను మనసులో నవ్వులావిడ అని పేరు పెట్టుకున్నాను.

ఇల్లు కాకుండా ఇంకెక్కడైనా మీరిద్దరూ నాలుగు రోజులు వరసగా పడుకున్నది ఎప్పుడు అని అడిగింది. మా ఆయన నేల చూపులు చూశాడు. ఆసుపత్రిలో, నా ఆపరేషనప్పుడు అన్నాను నేను. ఆవిడ అది కూడా రాసుకుంది. ఏడాదికి ఏడు రోజులు, ముప్ఫై మూడేళ్ళపాటు ఈ హోటల్లో ఒక గది మాదేనట. అద్దె కాదట, సొంతమట. దీన్ని టైమ్‌షేర్ అంటారట. మీ తర్వాత మీ పిల్లలకి అంది. పిల్లలు లేరన్నాను. ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, అయితే పూర్తిగా మీ ఇద్దరిదే అంది. ఆ ఆగడం కూడా వాళ్ళకి నేర్పించే ఉంటారు.

ధర చెప్పింది. మా షెడ్డు ధర కంటే కాస్త తక్కువ. నాకు నవ్వొచ్చింది. షెడ్డు ఏడాది పొడుగునా ఉంటుంది, ఇది వారం.

అప్పుడే లేచి వస్తే బాగుండేది. గది చూపిస్తానని తీసుకెళ్ళింది. సరస్సు వైపు గది, గోడంత అద్దం. నేను కోపంతో ఆ అద్దం దగ్గరే నిలబడి నీళ్ళు చూస్తూ ఉండిపోయాను. వెనక్కి తిరిగేసరికి మా ఆయన దుప్పటి తొలగించి పిడికిలి దింపి ఉన్నాడు. చెయ్యి తీశాడు. ఒంగి, చెవి ఆనించి, అరచేత్తో తట్టాడు. తర్వాత చెప్పులు విప్పి పడుకున్నాడు. నవ్వులావిడ ఏదో చెప్పబోయి మానేసింది. రెండు నిమిషాల్లో ఆయన గురక మొదలైంది.

పట్టపగలు, పరాయి మనుషుల ముందు. లేపబోయాను. ఆవిడ వద్దన్నట్టు చెయ్యి చూపించి, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"ఇంట్లో సార్ ఇలా నిద్రపోతారా మేడమ్?"

ఇంట్లో మేము పడుకునేది కొట్టులో మిగిలిన ముక్కలూ తుక్కూ నింపిన పరుపు మీద. మంచి దూది చేతికొచ్చిన ప్రతిసారీ అది ఎవరిదో ఒకరిది. అది నాకు తెలియక కాదు, కనబడక కాదు. కానీ అది ఆవిడ నోటి నుంచి రావడం నాకు గిట్టలేదు.

పావుగంటకు లేచాడు. మొహం ఇంకెవరిదో అయిపోయింది.

"రెండుసార్లు ఏకారు. జానెడుకొక టాకా. ఇప్పుడిలా ఎవడూ చెయ్యడం లేదే" అన్నాడు నాతో.

"అయితే?"

"పైనుంచి కనబడనిచోట ఇంత ఖర్చు పెట్టినవాడు కనబడేచోట అబద్ధమాడడు."

పాతికేళ్ళు పరుపులు చేసినవాడికి తప్ప ఇంకెవరికీ అలా తోచదు. హాలు గోడల నిండా బొమ్మలున్నాయి, కాగితాల నిండా చిన్న అక్షరాలున్నాయి. ఆయన వాటిని చూడలేదు. పరుపు చదివాడు, చాలనుకున్నాడు. అన్ని గదుల్లోనూ ఇదే పరుపు సార్, చేత్తో చేసిన దూది పరుపులే మా ప్రత్యేకత అని నవ్వులావిడ ఇంకాస్త ఎగదోసింది. మీరేం చేస్తుంటారని అడిగితే, గర్వంగా చెప్పాడు. ఆవిడ రాసుకుని, రాసినదాని కింద రెండు గీతలు గీసింది. ఆ గీతలు ఎందుకో నాకు రెండు నెలల తర్వాత తెలిసింది.

ఆయన సంతకం పెట్టి అడ్వాన్సు కట్టాడు. నేను పెట్టనన్నాను. ఉమ్మడి ఖాతా కాబట్టి నా సంతకం లేకపోతే మిగతా సొమ్ము కదలదు. నవ్వులావిడ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. వేసవి చివర్లో రెండు రోజులు ఊరికే వచ్చి ఉండండి, ఇంట్లో పెద్దవాళ్ళనీ తీసుకురండి, నచ్చితేనే పెట్టండి అంది. గంట కొట్టారు. చప్పట్లు కొట్టారు. సూట్‌కేసు చక్రం బస్సెక్కేలోపే ఊడింది.

ఇంటికొచ్చాక మొదలైంది. అరుచుకోవడం మొదటి రెండు రోజులే. ఆ తర్వాత ఏదైనా అత్తయ్య ద్వారానే. కొట్టు తాళాలు ఎక్కడున్నాయో నన్నడగమని ఆమెతో అనేవాడు, ఆమె నా మొహం చూసేది, నేను గోడ మేకు చూపించేదాన్ని. అత్తయ్యకు విసుగొచ్చి ఒకరోజు కొడుకును నిలబెట్టి అడిగింది.

"ఒరేయ్, ఏడు రోజులు పడుకోవడానికి షెడ్డు అమ్ముకుంటే, మిగతా రోజులు ఎక్కడ పని చేస్తావు?"

షెడ్డు అమ్ముకోవడమేంటమ్మా, అది మనది కాదుగా, ఇంకో అద్దె షెడ్డు చూస్తాను అన్నాడు. మిషను కదిపితే బేరింగులు పోతాయని ఆయనే పదేళ్ళుగా చెబుతున్నాడు. అత్తయ్య అది గుర్తు చేస్తే లేచి వెళ్ళిపోయాడు.

నేను ఊరుకోలేదు. వేరే పేరు పెట్టుకుని ఆ హోటలుకు ఫోన్ చేశాను. మాకు మీ గది ఉంది, వద్దనుకుంటున్నాం, వెనక్కి తీసుకుంటారా అని అడిగాను. అవతలి గొంతు మర్యాదగా, మేము అమ్ముతాం మేడమ్, కొనం అంది. ఇంకెవరికైనా అమ్ముకోవచ్చా అంటే, ప్రయత్నించండి అంది. గదికి ఏటా కట్టే మెయింటెనెన్స్ పెరుగుతూ పోతుందా అంటే, పెరుగుతుందంది. ఎంత అంటే, అది అప్పుడు చెబుతామంది. మరి సొంతమంటే ఏమిటమ్మా అన్నాను. కాసేపు పాట వినిపించి, లైను కట్ చేశారు.

ఆ వారమే రిటైరైన టీచరమ్మ ఒకావిడ పాత పరుపు ఏకించుకోవడానికి కొట్టుకు వచ్చింది. మాటల్లో హోటలు సంగతి వచ్చింది. ఆవిడకూ, చనిపోయిన ఆవిడ భర్తకూ ఆరేళ్ళుగా అలాంటి గదే ఉందట, వేరే హోటల్లో. ఎండాకాలం అడిగితే నిండిపోయిందంటారు, వానాకాలం రమ్మంటారు. ఒక్కసారి వెళ్ళారు, ఏడు రోజులూ వాన. ఇప్పుడు ఒంటరిగా వెళ్ళదు. ఎవరికైనా ఊరికే ఇచ్చేద్దామన్నా పుచ్చుకునేవాళ్ళు లేరు. ఏటా మెయింటెనెన్స్ కట్టమని ఉత్తరం మాత్రం వస్తుంది, ఆయన పేరు మీదే.

"ఆయన పోయాడమ్మా, ఆ ఏడు రోజులే పోవడం లేదు" అంది.

మా ఆయన అక్కడే దూది తూస్తున్నాడు. వినకుండా ఉండే అవకాశమే లేదు. తూకం పూర్తిచేసి, రేటు చెప్పి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన కట్టబోయే ఏడాది మెయింటెనెన్స్‌తోనే అదే గదిలో మూడు రోజులు, అక్కర్లేనప్పుడు మానుకునే హక్కుతో సహా, ఎవరైనా అద్దెకు ఉండొచ్చని కనుక్కున్నాను. ఒక అట్టముక్క మీద రాసి ఆయన పళ్ళెం పక్కన పెట్టాను. ఆ అట్టముక్కను కుర్చీ కాలు కింద ఎత్తుకి పెట్టుకున్నాడు.

అంతలో పెద్ద పని వచ్చింది. ఊరవతల ఆడపిల్లల హాస్టలు, నలభై పరుపులు. హాస్టలు పని వచ్చిందని అత్తయ్యతో చెప్పి, నా మిషను మీద గుడ్డ తాను ఒకటి పెట్టి వెళ్ళాడు. తెలుపు మీద తెల్లచారలు, అంచుకు బూడిదరంగు పైపింగ్. హాస్టలు పిల్లలకు పైపింగ్ ఎందుకో అడగమన్నాను అత్తయ్యను. వార్డెన్ అభిరుచట. మన కొట్టు లేబుల్ వెయ్యొద్దట, వాళ్ళదే వేసుకుంటారట. నేను కుట్టాను. పగలంతా కిటికీ పక్కన, చెమటలు కక్కుతూ, రోజుకు రెండు, ఒక్కోరోజు మూడు. మూల మూలకీ మూడు పోగులు. ఈ పని డబ్బు వస్తే అడ్వాన్సు పోయినా షెడ్డుకు సరిపోతుందని లెక్కేసుకున్నాను. ఆ ఆశతో కుట్టాను కాబట్టే కుట్లు అంత తీరుగా పడ్డాయి.

రెండు సంగతులు నేను గమనించి కూడా ఆలోచించలేదు. ఒకటి, అత్తయ్య అడిగింది.

"అమ్మాయ్, నలభై పరుపులంటున్నాడు, మిషను చప్పుడు లేదేంటి?"

కరెంటు ఉండటం లేదేమో, తెల్లవారకముందే ఏకేస్తున్నాడేమో అన్నాను. మీ చెవులకు వినబడటం లేదని లోపల అనుకున్నాను. రెండోది, దూది ఏకినవాడి కనుబొమల మీద నూగు ఉంటుంది, స్నానం చేసినా పోదు. ఆ నెలంతా ఆయన కనుబొమలు నల్లగా ఉన్నాయి. నేను చూశాను. కాస్త శుభ్రంగా ఉంటున్నాడులే అనుకున్నాను.

వేసవి చివరి వారం ముగ్గురం హోటలుకు వెళ్ళాం. నా ఉద్దేశం స్పష్టంగా ఉంది. ఏదో ఒక లోపం పట్టుకుని, రెండోరోజు పొద్దున సంతకాల బల్ల దగ్గర నలుగురిలో ఎత్తిచూపి, ఆయన నోరు మూయించి ఇంటికి తీసుకురావాలి. అందుకని చేతిసంచిలో చిన్న కత్తెర కూడా పెట్టుకున్నాను, కుట్టు విప్పే అలవాటు కొద్దీ.

గది వెనకవైపు. కిటికీ తెరిస్తే బట్టలుతికే చోటు, ఆవిరి గొట్టాలు, సబ్బు వాసన. మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇది మనది కాదు, పొరపాటు పడ్డారు, నేను మాట్లాడొస్తాను అని కిందికి వెళ్ళాడు. భోజనమైన వేళ, అత్తయ్య నడుం వాలుస్తానని పడుకుంది. వెంటనే లేచి, వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"ఇందులో దూది ఏకలేదే. గడ్డలు గడ్డలుగా ఉంది. మెత్తనిది పై గుడ్డే."

నాకు పట్టరాని సంతోషం. అత్తయ్య వీపు ఎప్పుడూ తప్పు చెప్పదు. దుప్పటి ఒక్క లాగు లాగాను. తెలుపు మీద తెల్లచారలు. బూడిదరంగు పైపింగ్. ఈ రంగులు లోకంలో అందరికీ ఒకేసారి నచ్చినట్టున్నాయే అనుకుంటూ కత్తెర తీసి, విప్పడానికి మూల పట్టుకున్నాను. బొటనవేలికి మూడు పోగులు తగిలాయి.

రెండో మూల చూశాను. మూడు పోగులు.

పక్క మంచం పరుపు ఎత్తాను. అక్కడా.

నాలుగో వైపు మూతి దగ్గర ఆయన దబ్బనం కుట్టు ఉంది. ఎడం నుంచి కుడికి, ఎప్పటిలాగే, తీరుగా. అక్కడ నాలుగు కుట్లు తెంపి చెయ్యి పెట్టాను. లోపల ఇంకో పాత కవరు, దాని చిరుగులోంచి గట్టిపడిపోయిన పసుప్పచ్చ దూది, ఎవరెవరో ఎన్నేళ్ళో పడుకున్న దూది. అత్తయ్య కుర్చీలోంచి చూస్తోంది. ఏమిటని అడగలేదు. తన కొడుకు కుట్టు ఆమెకు నాకంటే ముందు తెలుసు.

మా ఆయన తిరిగొచ్చేసరికి నేను పరుపు అంచున కూర్చుని ఉన్నాను, దుప్పటి కింద పడి ఉంది. చూశాడు. తలుపు వేశాడు.

"హాస్టలు పిల్లలు ఎక్కడున్నారు?" అన్నాను. రెండు నెలల్లో నేరుగా ఆయనతో మాట్లాడింది అదే మొదటిసారి.

"గది ధర తగ్గిస్తామన్నారు. కుట్టుకూలి వేరే ఇస్తామన్నారు."

"ఏకకుండానా?"

"టైము లేదన్నారు. గుడ్డ మారిస్తే చాలన్నారు."

"వాళ్ళు అన్నారు సరే, మీరేమన్నారు?"

అత్తయ్య, కింద ఏమన్నార్రా, గది మారుస్తారా అని అడిగింది. ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. ముందువైపు గదులు రోజుకింతని అద్దెకిచ్చేవట. కొనుక్కున్నవాళ్ళందరికీ ఈ వెనకవైపేనట, నలభై పరుపులున్న ఈ ఇరవై గదులేనట. కాగితంలో చిన్న అక్షరాల్లో ఉందట.

అంటే ఈ మనిషి వేరేవాళ్ళు పడుకుంటారులే అనుకుని పాత తుక్కుకు గుడ్డ చుట్టాడు. ముప్ఫై మూడేళ్ళు తను పడుకోబోయే పరుపు అది. గుడ్డ కుట్టింది నేను. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, అందుకని కత్తెర సంచిలో పెట్టాను. లోపం పట్టుకుంటానని వచ్చినదాన్ని, పట్టుకుంటే అది నా చేతిపనే అయింది. నలుగురిలో ఎత్తిచూపితే ముందు అడిగేది ఒకటే: కుట్టిందెవరు?

ఆయనకూ ఆ సంగతి తెలుసు. అందుకే మెల్లగా దగ్గరికొచ్చి చెప్పాడు.

"సంతకం పెట్టెయ్యి. పెట్టకపోతే అడ్వాన్సు రాదు, కూలీ రాదు. బయటపెడితే కొట్టు మూసుకోవాలి. ఎవరిస్తారు మనకి పని?"

అత్తయ్య ఒక్క మాట అడిగింది, రేపు బస్సు ఎన్నింటికి అని. ఆ రాత్రి ఆమె మంచం ఎక్కలేదు. తను తెచ్చుకున్న దుప్పటి నేల మీద పరుచుకుంది.

రెండోరోజు పొద్దున అదే హాలు, అవే పాటలు, అదే గంట. నవ్వులావిడ దూరం నుంచే నవ్వింది. నా ముందు కాగితం పెట్టి, పెన్ను మూత కూడా తనే తీసింది. మా పక్క బల్ల దగ్గర కొత్త జంట. ఆయన లారీ నడుపుతాడట, నడుము నొప్పి, నిద్ర సరిగా పట్టదని ఆవిడ చెబుతోంది. వాళ్ళ అమ్మకందారు ఎటూ తేల్చలేక నవ్వులావిడ వైపు చూశాడు. నవ్వులావిడ చటుక్కున మమ్మల్ని చూపించింది. వీళ్ళు మా గదుల్లో ఉండి వచ్చారు, వీళ్ళనే అడగండి అంది. పైగా సార్ పరుపులు చేసేవారే అని కూడా అంది. రెండు గీతలకు అది కూడా ఒక ఉపయోగం.

లారీ ఆయన భార్య తన కుర్చీ నా వైపు జరుపుకుంది. నా ఈడే ఉంటుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని దాని జిప్పు పట్టుకునే ఉంది.

"నిజంగా అంత బాగుంటాయా అక్కా, ఆ పరుపులు?"

నేను మా ఆయన వైపు చూడలేదు.

"పై గుడ్డ బాగుంటుంది. నేనే కుట్టాను" అన్నాను. "లోపల దూది ఏకలేదు. పాతదే."

"మీకెలా తెలుసు?"

"మా ఆయన నింపాడు."

పాట మోగుతూనే ఉంది, హాల్లో మిగతావాళ్ళకు ఏమీ వినబడలేదు. ఆ రెండు బల్లల దగ్గరే అన్నీ ఆగాయి. నవ్వులావిడ నవ్వు మాత్రం చెదరలేదు. అది అలాగే ఉంచుకుని, మేడమ్‌కు కాస్త ఒంట్లో బాగాలేనట్టుంది, మీరు చెప్పండి సార్ అంది మా ఆయనతో.

లారీ ఆయన కూడా మా ఆయన మొహమే చూస్తున్నాడు. అబద్ధం చెప్పడం ఆ క్షణంలో ఎంత తేలికో నాకు తెలుసు. నాకు పిచ్చని ఒక్క ముక్క అంటే చాలు. ఆయన తన కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు, దబ్బనం కాయలు కాసిన చోట.

"ఏకలేదు" అన్నాడు.

అంతే అన్నాడు. లేచి, నా కోసం ఆగకుండా నడిచాడు. నేను పెన్నుకు మూత పెట్టి, అత్తయ్యను చెయ్యిపట్టి లేపాను. మేము గుమ్మం దాటుతుండగా వెనక గంట మోగింది, చప్పట్లు వినబడ్డాయి. ఏ బల్ల దగ్గరో తిరిగి చూడలేదు.

అడ్వాన్సు రాలేదు. నలభై కవర్ల కుట్టుకూలి రాలేదు. ఫోన్ చేస్తే పాట వినిపించారు. వానలు మొదలయ్యే వారం షెడ్డు పెద్దాయన వచ్చాడు. ఉన్నంత చెప్పాను. పాత పరిచయానికి విలువిచ్చి సగం అమ్మాడు. మిగతా సగం ఎవరో టైర్లవాళ్ళు కొనుక్కుని మధ్యలో గోడ కట్టారు. మిషను కదపక్కర్లేకపోయింది కానీ, దాని చుట్టూ మనిషి పక్కకు తిరిగి నడవాలి. టైర్ల వాసన దూదికి పడుతుందని ఆయన వారానికోసారి అంటాడు. నాతో కాదు, గోడతో.

నన్ను ఎప్పుడూ తిట్టలేదు. నేనూ క్షమించానని చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. నలుగురి ముందు ఆ ఒక్క మాట తన చేత అనిపించానని ఆయన కోపం. నా చేత నలభై కవర్లు కుట్టించాడని నాది. రెండూ ఒకే ఇంట్లో తిని పడుకుంటున్నాయి, ఆ తుక్కు నింపిన పరుపు మీదే. ఆయన మంచి దూది తెచ్చి మాకొకటి చేస్తానని ఒకసారి అత్తయ్యతో అన్నాడు. చెయ్యలేదు. నేను గుడ్డ కత్తిరించనూ లేదు.

మారింది ఒక్కటే. ఆ వేసవి తర్వాత నాలుగో వైపు ఆయన కుట్టడం లేదు. నింపిన పరుపును టాకాలు వెయ్యకముందే షెడ్డు నుంచి భుజం మీద వేసుకుని మెట్లెక్కి పైకి తెస్తాడు. నా మిషను పక్కన దించి, విప్పి ఉన్న మూతిని రెండు చేతులతో తెరిచి పట్టుకుని నిలబడతాడు. నేను గాజులు పైకి తోసుకుని మోచేతి దాకా చెయ్యి లోపల పెడతాను. అడుగు దాకా తడుముతాను, మూలమూలా తడుముతాను. ఒక్కోసారి కావాలనే ఆలస్యం చేస్తాను. ఆయన గోడ వైపు చూస్తూ అలాగే పట్టుకుని ఉంటాడు, కనుబొమల మీద తెల్లటి నూగుతో. గడ్డ ఒక్కటీ తగలలేదని తేలాక చెయ్యి తీసి, అప్పుడు దారం ఎక్కిస్తాను.